‘ఏడాది’ అని చెప్పే ముందు గడ్డ ఎన్ని సెంటీమీటర్లో అడగండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పెంపుడు జంతువుల శీర్షికలో ఒక పాఠకురాలి ప్రశ్న చూశాను. వాళ్ళ పదకొండేళ్ళ పిల్లికి పొట్ట కింద గడ్డ చేతికి తగిలిందట, రొమ్ము క్యాన్సర్ అన్నారట, ఎన్నాళ్ళు బతుకుతుందని అడిగారు. మీ శీర్షిక ఇచ్చిన జవాబు రెండే వాక్యాలు. ఈ జబ్బు వచ్చిన పిల్లులు సాధారణంగా ఏడాదికి మించి బతకవు. వయసు మళ్ళిన పిల్లిని ఆపరేషన్ పేరుతో బాధపెట్టకపోవడమే మేలు. మొదటి వాక్యం సగం నిజం. రెండోది చదివి ఎంతమంది ఆస్పత్రి ప్రయాణం మానుకుని ఉంటారో అని దిగులేసి ఈ ఉత్తరం రాస్తున్నాను. పెద్దదవుతుందని ముందే తెలుసు. కత్తిరించాల్సి వస్తే మా ఇంటి సంగతులు కత్తిరించండి, కొలతలు మాత్రం ఉంచండి.

నేను డాక్టర్ని కాను. పాథాలజీ ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాను. థియేటర్ నుంచి డబ్బాలో వచ్చిన ముక్కని ఫార్మలిన్‌లో ఉంచడం, మైనపు దిమ్మెలో బిగించడం, మైక్రోటోమ్ మీద నాలుగైదు మైక్రాన్ల మందాన పొరలు తీయడం, వాటిని స్లైడ్ మీద పరిచి రంగులు పట్టించి పాథాలజిస్ట్ గారి టేబుల్ మీద పెట్టడం, ఇంతే నా ఉద్యోగం. నేను కోసినవి మనుషుల ముక్కలే. కానీ పిల్లి గడ్డకీ అదే ఫార్మలిన్, అదే మైనం, అవే ఊదా గులాబీ రంగులు. పైగా పిల్లుల్లో వచ్చే ఈ క్యాన్సర్‌లో ఎక్కువ భాగానికి హార్మోన్ గ్రాహకాలు ఉండవు. మనుషుల్లో ట్రిపుల్ నెగెటివ్ అనే మొండి రకాన్ని పోలి ఉంటుందని పరిశోధకులు దీన్ని ప్రత్యేకంగా చదువుతున్నారు. అందుకని మా పిల్లికి గడ్డ వచ్చినప్పుడు నేను చదవాల్సినవన్నీ తెచ్చుకుని చదివాను. ఆ రిపోర్టుల భాష నాకు కొత్తది కాదు.

ముందు మీ జవాబులోని నిజం సగం ఒప్పుకుంటాను. పిల్లి చనుకట్టులో వచ్చే గడ్డల్లో 80 నుంచి 90 శాతం క్యాన్సరే. కుక్కల్లో దాదాపు సగం గడ్డలు మామూలువి. ఆ ధైర్యం పిల్లి విషయంలో పనికిరాదు. పిల్లులకు వచ్చే క్యాన్సర్లలో ఇది మూడో స్థానంలో ఉంది, చర్మానిదీ రక్తానికీ లింఫ్ కణాలకీ సంబంధించినదీ దీనికంటే ముందుంటాయి. పది పన్నెండేళ్ళ వయసులో ఎక్కువగా బయటపడుతుంది. సయామీస్ జాతికి ముప్పు రెట్టింపు, వయసూ ముందే. దగ్గరలోని లింఫ్ గ్రంథులకు, ఊపిరితిత్తులకు, వాటి చుట్టూ ఉండే పొరకు, కాలేయానికి పాకుతుంది. తేలిక జబ్బని నేను ఎక్కడా అనడం లేదు.

అయితే ‘ఏడాది’ ఎక్కడి లెక్క? మిల్లీమీటర్లలో ఉండగా దొరికిన గడ్డ, పగిలి రసి కారుతుండగా తెచ్చిన గడ్డ, ఊపిరితిత్తులకు పాకిపోయాక తెలిసిన గడ్డ, అన్నీ ఒక్కచోట పోసి లెక్కేస్తే ఆ చుట్టుపక్కల తేలే అంకె అది. ఇంటిల్లిపాదికీ ఒకే కొలత చొక్కా కుట్టినట్టు. 1984లో మెక్‌ఎవెన్ బృందం ప్రచురించిన అధ్యయనం దగ్గర్నుంచి నేటి వెటర్నరీ పాఠ్యపుస్తకాల దాకా ఒక మాట మారలేదు: పిల్లి ఎన్నాళ్ళు బతుకుతుందో చెప్పడంలో గడ్డ పరిమాణానిదే మొదటి స్థానం. రెండు సెంటీమీటర్ల లోపు ఉండగా ఆపరేషన్ చేస్తే బతికే కాలం మధ్యగతం (సగం పిల్లులు దాటే కాలం, కింద విడమరుస్తాను) మూడేళ్ళ పైమాటే. రెండుకీ మూడుకీ మధ్య అయితే సుమారు రెండేళ్ళు. మూడు దాటితే ఆరు నెలలు. కాస్త అటూ ఇటూగా నాలుగు నుంచి పన్నెండు నెలలని రాస్తారు.

ఒక్క సెంటీమీటర్‌కి ఇంత తేడా ఏమిటని మా అక్క అడిగింది. కాగితం మీద వేసి చూపించాను. గడ్డ అడ్డంగా ఒక్కటే పెరగదు, మూడు వైపులా పెరుగుతుంది. రెండు సెంటీమీటర్ల ఘనం 8. మూడు సెంటీమీటర్ల ఘనం 27. స్కేలు మీద ఒక గీత జరిగేసరికి లోపల కణాలు మూడు రెట్ల పైన అయ్యాయి. అంత గుంపులో ఒకటో రెండో రక్తంలోకో లింఫ్‌లోకో దారి వెతుక్కునే అవకాశమూ అంతే పెరుగుతుంది. మెక్‌ఎవెన్ లెక్కల్లోనూ హద్దులు ఆ 8, 27 ఘన సెంటీమీటర్లే.

మధ్యగతం గురించి కూడా ఒక మాట, ఎందుకంటే డాక్టర్లు ఈ అంకెని చెబుతారు కానీ విడమర్చే తీరిక వాళ్ళకి ఉండదు. వంద పిల్లుల్ని అవి బతికిన కాలాన్ని బట్టి వరసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్న పిల్లి బతికిన కాలం అది. సగం పిల్లులు అంతకంటే ఎక్కువే బతికాయని దానర్థం. గడువు తేదీ కాదు. ఆ సగంలో ఎంత దూరం వెళ్ళినవి ఉన్నాయో మధ్యగతం చెప్పదు. ఇక అధ్యయనానికీ అధ్యయనానికీ అంకెలు కదులుతుంటాయి. 1996లో జపాన్ పరిశోధకులు 53 పిల్లుల మీద వేసిన లెక్కలో మొదటి దశకి (దశ అంటే గడ్డ ఎంత పెరిగింది, ఎంత దూరం పాకింది అన్నదాన్ని బట్టి వేసే మెట్టు) 29 నెలలు, రెండో దశకి పన్నెండున్నర, మూడో దశకి 9, నాలుగో దశకి 1 నెల వచ్చింది. పాఠ్యపుస్తకాల అంకెలకంటే ఇవి తక్కువ. కానీ మెట్లు చూడండి, అవి అలాగే ఉన్నాయి. ఒకటో మెట్టు మీద ఉన్న పిల్లికీ నాలుగో మెట్టు మీద ఉన్న పిల్లికీ కలిపి ‘ఏడాది’ అని చెబితే ఇద్దరికీ అబద్ధమే చెప్పినట్టు.

మా ఇంట్లో రెండు మెట్లూ చూశాం.

మా అక్క పిల్లి రాణి. దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించడం ఇష్టం లేక, ఎదకి వచ్చినప్పుడల్లా అరవకుండా కొన్నేళ్ళ పాటు హార్మోన్ ఇంజెక్షన్లు వేయించారు. మెడ్రాక్సీప్రొజెస్టిరాన్ లాంటి ఆ ప్రొజెస్టిన్ మందులు పిల్లుల్లో రొమ్ము గడ్డల ముప్పుని సుమారు మూడు రెట్లు చేస్తాయి. ఆ సంగతి అక్కకి ఎవరూ చెప్పలేదు. గడ్డ వచ్చింది. దగ్గర్లో ఉన్న క్లినిక్‌లో మత్తిచ్చి గడ్డ వరకు తీసేశారు. అక్క ఫోన్ చేసి, “చిన్నదేనే, తీసేశారు, భయం లేదన్నారు డాక్టర్ గారు” అంది.

“ముక్క ఏదీ?” అన్నాను.

“ముక్కేమిటి? పారేశారు.”

నా ఉద్యోగ జీవితంలో ఎన్నో డబ్బాల మూతలు తీశాను, ఆ మాటకి పడ్డంత బాధ ఎప్పుడూ పడలేదు. అది ఏ రకమో తెలియదు, ఎంత మొండిదో చెప్పే గ్రేడ్ ఏదో తెలియదు, అంచుల్లో క్యాన్సర్ మిగిలిందో లేదో తెలియదు. కొన్ని నెలలకే అదే కుట్ల పక్కన మళ్ళీ తేలింది. ఈసారి ఎదిగిన వేగం వేరు. అక్క పిల్లి గోళ్ళు కత్తిరించడానికి పట్టుకుంటే తప్ప కడుపు కింద చూసే అలవాటు లేని మనిషి. చూసేసరికి నాలుగు సెంటీమీటర్లు, పైన పుండు. ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల చుట్టూ నీరు. ఆ నీరు తీయించి ఊపిరాడేలా చూశారు, మళ్ళీ చేరింది. నిద్రపుచ్చే నిర్ణయం అక్కే తీసుకుంది. అది సరైన నిర్ణయమే. నాలుగో దశలో ఉన్న పిల్లిని కోయించమని నేను ఎవరికీ చెప్పను. అక్కడ మీ శీర్షిక రెండో వాక్యంతో నాకు పేచీ లేదు.

మా పిల్లి పేరు బొగ్గు. రంగు చెప్పక్కర్లేదు కదా. రాణి తర్వాత నేను పట్టుబట్టి బొగ్గుని తరచూ వెల్లకిలా పడుకోబెట్టి తడిమేదాన్ని. పిల్లికి సాధారణంగా నాలుగు జతలు, ఎనిమిది చనుమొనలు. చంక దగ్గర మొదలుపెట్టి గజ్జ దాకా రెండు వరసలూ వేళ్ళ మధ్య చర్మం కొద్దిగా పైకెత్తి చూడాలి. దానికి అది నచ్చదు. ఎడమ వరసలో రెండో చనుమొన పక్కన గట్టిగా ఏదో దొరికింది. నా దగ్గర పాత వెర్నియర్ కాలిపర్స్ ఉంది, కొలిస్తే 1.3 సెంటీమీటర్లు. ఆ అంకె, తేదీ రాసుకుని వెంటనే తీసుకెళ్ళాను. ఈసారి వెళ్ళింది వేరే ఆస్పత్రికి.

అక్కడి సర్జన్ మొదట కత్తి పట్టలేదు. ఛాతీకి మూడు కోణాల్లో ఎక్స్‌రే, రక్త పరీక్ష, చంకలో గజ్జలో లింఫ్ గ్రంథులు తడిమి చూడటం. ఎక్స్‌రేకి అందనంత చిన్న మచ్చలు సీటీ స్కాన్‌లో కనిపిస్తాయి, అది ఉన్నచోట చేయిస్తే మంచిదే. తర్వాత ఆయన గడ్డ మాత్రం తీస్తే లాభం లేదు, ఆ వైపు వరసంతా తీయాలి అన్నారు. ఒకే వరసలోని గ్రంథుల మధ్య లింఫ్ దారులు కలిసి ఉంటాయి. గడ్డ వరకే తీస్తే అదే చోట తిరగబెట్టడం ఎక్కువ. రెండు వరసలూ తీస్తే ఇంకా మేలని 2018లో 107 పిల్లుల మీద వచ్చిన అధ్యయనం చెబుతోంది: రెండు వైపులా తీసిన పిల్లుల్లో జబ్బు మళ్ళీ కదలకుండా గడిచిన కాలం మధ్యగతం 542 రోజులు, ఒక వైపే తీసినవాటిలో 289. బొగ్గుకి ఒక వైపు చేసి, చర్మం సాగి సర్దుకున్నాక కొన్ని వారాలకి రెండో వైపు చేశారు. ఒకేసారి రెండూ చేస్తే కుట్లు బిగుసుకుని విచ్చుకునే ప్రమాదం ఎక్కువ. మొదటి వారం దాని అవస్థ చూడలేకపోయాను, దాచను. చొక్కాలాంటి గుడ్డ తొడిగితే దొర్లి దొర్లి విప్పేది. రెండో వారానికి కిటికీ ఎక్కింది.

ఇక్కడే నా అసలు మాట. ఆపరేషన్ అయ్యాక ఆ ముక్క ఎక్కడికి వెళుతుందన్నది, ఆపరేషన్ ఎవరు చేస్తారన్నదానికి తీసిపోని విషయం. పిల్లి యజమాని థియేటర్ బయట ఉండగానే అడగాలి: ముక్క మొత్తం బయాప్సీకి పంపుతున్నారా? తీసిందంతా వెళ్ళాలి, ఒక కొస కాదు. 10 శాతం ఫార్మలిన్, ముక్క పరిమాణానికి కనీసం పది రెట్లు ఉండాలి. ఇరుకు డబ్బాలో కుక్కితే నడుమ భాగానికి ఫార్మలిన్ అందేలోపు కుళ్ళు మొదలవుతుంది. అలాంటి ముక్కని నేను ఎంత సన్నగా కోసినా స్లైడ్ మీద పాథాలజిస్ట్‌కి కనిపించేది బూడిద. పొడవాటి వరస కాబట్టి తల వైపు ఏదో తెలిసేలా ఒక కుట్టు వేసి పంపాలి. అంచులకు ఇంకు పూస్తే, క్యాన్సర్ ఆ గీత దాకా వచ్చిందా లేదా అన్నది స్లైడ్ మీద తేలిగ్గా తెలుస్తుంది. గజ్జలో గ్రంథి చివరి చనుకట్టు కొవ్వులోనే ఉంటుంది, దానితో పాటు వచ్చేస్తుంది; చంకలోది విడిగా తీస్తే విడి డబ్బాలో, పేరు రాసి పంపాలి. ఇవి పెద్ద ఖర్చు పనులు కావు, శ్రద్ధ పనులు.

రిపోర్టు వచ్చాక నాలుగు సంగతులు చూడాలి. లింఫ్ గ్రంథిలో క్యాన్సర్ ఉందా? ఉంటే గడ్డ ఎంత చిన్నదైనా పిల్లి మూడో దశలోకి వెళ్ళినట్టే, కాలం నెలల్లోకి దిగుతుంది. లింఫ్ నాళాల్లో రక్తనాళాల్లో కణాలు కనిపించాయా? ఇది గ్రంథి శుభ్రంగా ఉన్నా హెచ్చరికే. గ్రేడ్ ఎంత? కణాలు గొట్టాల ఆకారాన్ని ఎంతవరకు నిలుపుకున్నాయి, కేంద్రకాలు ఎంత వికృతంగా ఉన్నాయి, విభజనలో ఉన్నవి ఎన్ని అని లెక్కపెట్టి ఇస్తారు. మూడో గ్రేడ్ చెడ్డది. అంచులు శుభ్రమా? ఈ నాలుగూ గడ్డ కొలతతో కలిపితేనే ‘ఎన్నాళ్ళు’ అన్న ప్రశ్నకి ఏ డాక్టరైనా ఒక మనిషికి చెప్పదగిన జవాబు చెప్పగలడు. బొగ్గు రిపోర్టులో గ్రేడ్ 2, అంచులు శుభ్రం, గ్రంథి శుభ్రం, నాళాల్లో ఏమీ లేదు. మూడో ఏడు నడుస్తోంది. ఈ మధ్య దానికి మూత్రపిండాలు కాస్త మందగించాయి. బహుశా అదే దాన్ని తీసుకెళుతుంది, క్యాన్సర్ కాదేమో. అయినా ఒక్క పిల్లి దేనికీ రుజువు కాదు, బొగ్గైనా రాణైనా. అందుకే నా పిల్లి కంటే పై అంకెలు ముఖ్యం అన్నాను.

కీమోథెరపీ గురించి చాలామంది అడుగుతారు. డాక్సోరుబిసిన్ ఇస్తారు, మూడు వారాలకోసారి. పిల్లుల్లో ఇది మూత్రపిండాలని దెబ్బతీయొచ్చు, అందుకే ముందూ మధ్యలోనూ పరీక్షలు చేస్తారు. మనుషుల్లా బొచ్చంతా ఊడదు, మీసాలు రాలతాయి. పనిచేస్తుందా అంటే, 2006లో 67 పిల్లుల లెక్కలో ఆపరేషన్‌తో పాటు ఈ మందు ఇస్తే మధ్యగతం 448 రోజులు వచ్చింది. 2009లో మరో బృందం లెక్కలో ఆపరేషన్, మందు కలిపితే 1,848 రోజులు. మందు లేకుండా ఆపరేషన్ మాత్రమే చేసిన పిల్లుల్లో 1,406. చూడగానే మందు గొప్పదనిపిస్తుంది, కానీ ఆ తేడా గణాంకాల పరీక్షకి నిలబడలేదు. అదే మందు ఒకచోట ఏడాదింపావు, ఇంకోచోట అయిదేళ్ళు ఎలా ఇచ్చింది? ఏ పిల్లులు ఆ లెక్కలోకి వచ్చాయి, వాటి గడ్డలెంత, గ్రంథులెలా ఉన్నాయన్నదే చాలావరకు జవాబు. అంకె ఎవరు చెప్పినా ఏ పిల్లులదని తిరిగి అడగాల్సిందే. గ్రంథికి పాకినప్పుడు, గ్రేడ్ 3 వచ్చినప్పుడు డాక్టర్లు కీమో సూచించడం సబబే. బొగ్గుకి మేం ఇప్పించలేదు.

ఇంకో రెండు సంగతులు త్వరగా చెప్పేస్తాను. ఏడాది రెండేళ్ళ వయసు పిల్లికి, ఎదకి వచ్చాకో చూలుతోనో హార్మోన్ ఇంజెక్షన్ తర్వాతో, చనుకట్లన్నీ ఒక్కసారిగా ఉబ్బి ఎర్రబారితే అది చాలావరకు క్యాన్సర్ కాదు. హార్మోన్ ప్రభావంతో వచ్చే వాపు. చూస్తే గుండె జారేలా ఉంటుంది కానీ మందుతోనో స్పేయింగ్‌తోనో (పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్) తగ్గుతుంది. ఏడాదే అని చెప్పి అలాంటి పిల్లిని ఎవరైనా వదిలేసుకుంటే ఎంత అన్యాయం! రెండోది, మగ పిల్లులకి కూడా ఈ క్యాన్సర్ వస్తుంది, అరుదుగా. వాటి పొట్టనీ తడమండి.

నివారణ సంగతి మీ శీర్షికలో అసలు లేకపోవడం నాకు నచ్చలేదు. 2005లో ప్రచురితమైన అధ్యయనం ప్రకారం ఆరు నెలల లోపు స్పేయింగ్ చేయిస్తే ముప్పు 91 శాతం తగ్గుతుంది, ఏడాది లోపైతే 86 శాతం. రెండో ఏట చేయిస్తే 11 శాతమే. ఆ తర్వాత ఈ జబ్బు విషయంలో లాభం లేదు. ‘ఒక కాన్పు కానిచ్చి చేయిద్దాం’ అనేవాళ్ళకి ఈ వరస చదివి వినిపించండి.

మీ శీర్షిక రాసే డాక్టర్ గారి మీద నాకు కోపం లేదు. రెండు వాక్యాల్లో జవాబు ఇమ్మంటే ఎవరైనా అలాగే రాస్తారు. ఇకమీదట ఇలాంటి ప్రశ్న వస్తే జవాబు వేసే ముందు పాఠకుల్ని గడ్డ కొలత, ఎక్స్‌రే, బయాప్సీ రిపోర్టు అడగండి. లేవంటే, అవి చేయించుకోమన్నదే జవాబుగా వేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పాథాలజీ ల్యాబ్ టెక్నీషియన్

తా.క.: కుట్లు నొప్పిగా ఉన్నాయని ఇంట్లో ఉన్న పారాసిటమాల్ బిళ్ళ సగం విరిచి పిల్లికి వేసేవాళ్ళున్నారు. పిల్లి కాలేయానికి ఆ మందుని విరిచి బయటికి పంపే శక్తి లేదు. ఒక్క బిళ్ళ ప్రాణం తీయగలదు. ఆస్పిరిన్ కూడా సొంతంగా వేయకండి. నొప్పి మందు ఆపరేషన్ చేసిన డాక్టర్నే రాసివ్వమనండి, వాళ్ళ దగ్గర పిల్లులకి సరిపడేవి ఉంటాయి.